అక్కతోని చెప్త

సిరొంచల ఎమ్మెల్యే ఇంటి గేటుకు తాళం.
"సాహెబు పైస ముట్టడు" అంటరు, నిజమే.
ఎనక గల్లీల బామ్మర్ది అర్ర ముందట
పొద్దుగాలనే పద్దెనిమిది జతల చెప్పులు.

మనం బామ్మర్ది అంటం,
నాగపూర్ నుంచి అచ్చిన ఆఫీసరు మేహుణా అంటడు,
ఇసుక ఘాట్ ఫైలుల
ఏ భాషలనూ అతని పేరు లేదు.

నేను గూడ పోయిన. దాచను.
రాజుబాయి అత్త పింఛన్ కాయితం ఒక చేత,
రెండు కిలోల వాలుగ ఒక చేత.
కాయితం చదవలే.
సంచి అందుకొని "అక్కతోని చెప్త తియ్" అన్నడు.

నెల తిరగకముందే పింఛన్ పడ్డది.
గా నెలనే ప్రాణహిత రేవుల లారీలు దిగినయి.

గ్రామసభల తాసిల్దారు అడిగిండు:
"ఎవలకన్న అభ్యంతరముందా?"
లేసి నిలబడ్డ.

చేప తిన్నది వాళ్లు,
ముల్లు నా గొంతుల.