ముప్పై ఎనిమిది

పాత అరవై గుర్రాల ఇంజను పీకేసి
నూటపదిహేను గుర్రాలది బిగించాడు తౌనో.
ఇరవై నాలుగు నాట్లకే ఆయాసపడే పడవ
ఇక ముప్పై ఎనిమిది అందుకోవాలన్నాడు.
ఎక్కడిదా అంకె అంటే
"లెక్క కట్టాను."

ఇరవై ఎనిమిది దాటలేదు.

జూన్ రాత్రి. సైమా సరస్సు మీద
సూర్యుడు వెళ్ళొస్తానని లేచి
గుమ్మంలోనే కబుర్లాడుతున్నాడు.
నేను పడవ ముక్కు దగ్గర కూర్చున్నాను.
అక్కడ ఎవరో ఒకరు లేకపోతే
అది కప్పలా గెంతుతుందట.
అలా నేను సగం బరువుని, సగం గుమస్తాని.
మోకాలి మీద నోటుపుస్తకం పెట్టి రాశాను:
పదమూడు పిచ్, ఆరువేల రెండు వందల చుట్లు, ఇరవై ఎనిమిది.
ఇంజను అరుస్తోంది,
నీళ్ళు పట్టించుకోవడం లేదు.

ఒక చుట్టుకి ప్రొపెల్లర్ ఎన్ని అంగుళాలు
ముందుకు తోస్తుందో అది పిచ్.
ఆ మాటని కొంచెం సాగదీసి పలికితే
మిగతా వేసవంతా అదే.

పూమల రేవులో ఇంజన్లు బాగుచేసే లెంపీ
ఇరవై ఒకటి పిచ్‌ది అరువిచ్చింది.
ఇంజనుకి ఎత్తు ఎక్కినట్టు రొప్పు.
చుట్లు నాలుగువేల ఏడువందలు, అక్కడే మొరాయింపు.
పంతొమ్మిది ఇచ్చింది.
ముప్పై నాలుగు!
ఇంజనుని ఒక కన్నం పైకి లేపి బిగించింది.
ముప్పై అయిదు.
తరువాత పడవలో మోకాళ్ళ మీద కూర్చుని
వైద్యుడు వీపు తట్టినట్టు
వేలి కణుపులతో నేలంతా తట్టింది.
"ఇది పడవ కాదు తౌనో, స్పాంజి."

నేల కోసి చూశాం.
పద్దెనిమిదేళ్ళ వానలు
పసుపు నురుగు దిమ్మల్లో దాక్కుని ఉన్నాయి.
పిండితే కారాయి.
ఒక దిమ్మలో, ఎలా చేరిందో, వాళ్ళ అమ్మాయి చిన్నప్పటి జడపిన్ను.
తౌనో దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు,
బరువు లెక్కలోంచి తీసేశాడు.

ముప్పై ఏడు.

అప్పుడు మొదలైంది అసలు పొదుపు.
లంగరు దిగింది. తెడ్లు దిగాయి.
చేపలు వేయించే ఇనప పెనం దిగింది.
పెట్రోలు సగం తోడేశాడు.
కుక్క నమ్మలేనట్టు వెనక్కి చూస్తూ దిగింది.
ముప్పై ఏడున్నర.

తౌనో నా వైపు చూశాడు.
ఏమీ అనలేదు.
నేను ఎనభై రెండు కిలోలు.

వెళ్ళి కుక్క పక్కన, పెనం పక్కన నిలబడ్డాను.

పడవ వెళ్ళిపోయింది.
మొదట తెల్లగీత,
ఆ తరువాత చప్పుడు,
చాలాసేపటికి, ఇక రాదనుకున్నాక,
అల వచ్చి రేవు చెక్కల్ని కొట్టింది.
దీవి అవతల ఏం జరిగిందో
చూసినవాడు అతనొక్కడే.

తిరిగొచ్చేటప్పుడు నెమ్మదిగా వచ్చాడు.
"ఎంత?"
"ముక్కు ఎగిరింది," అన్నాడు ముందు.
తాడు కడుతూ, ముడి మీదే కళ్ళు ఉంచి
"ముప్పై ఎనిమిది," అన్నాడు.

రాసుకున్నాను.
రాసుకుంటున్నానో లేదో అని
ఇన్నాళ్ళూ మెడ సాచి చూసేవాడు,
ఈసారి చూడలేదు.

పెనం ఎక్కించాడు. లంగరు, తెడ్లు ఎక్కించాడు.
కుక్క పిలవకుండానే దూకింది.
ముక్కు దగ్గరి పలకని
చేత్తో తుడిచి, జరిగాడు.

ఇంటికి ఎంతలో వెళ్ళామో తెలియదు.
లూన్ పిట్ట కూత వినిపించేంత,
తౌనో తన కూతురి గురించి
మొదటిసారి చెప్పడం మొదలుపెట్టి
మధ్యలో ఆగి, మళ్ళీ మొదలుపెట్టేంత.
ఆ వేగం ఎవరూ రాసుకోలేదు.
పుస్తకం నా చేతిలోనే ఉంది.