అరగని రాయి

పొటోసీలో గని కొండకి ఎదురుగా మా తరగతి గది.
లిసెన్సియాదా ఒర్తెన్సియా సుద్దతో ఊపిరితిత్తులు గీసింది.
ఒకటి పెద్దదైపోయింది. చెరపలేదు.

"జబ్బంటే బయటి దొంగ ఒక్కడే కాదమ్మాయిలూ,
దొంగని పట్టబోయి
ఒళ్ళు పగలగొట్టుకునే కుండలు కూడా."

ధూళి లోపలికొస్తుంది.
కాపలా కణం మింగుతుంది. అరగదు, రాయి కదా.
చచ్చిపోతూ పక్కవాటిని కేకేస్తుంది,
అవీ వచ్చి మింగుతాయి.
చచ్చినచోటల్లా మచ్చ. మచ్చ మీద మచ్చ.
స్పాంజి లాంటిది కాస్తా అట్టకట్టుకుపోతుంది.

పరీక్షలో ఇంతే రాశాను. ఎనభై ఆరు వచ్చాయి.

రాత్రి డ్యూటీ. ఏడో మంచం, డోన్ సెవెరో.
నలభై నాలుగేళ్ళు.
బుగ్గలో కోకా ఆకు ఉంది, ఉమ్మెయ్యమని చెప్పాలి,
చెప్పలేదు.
పాదం మీద వేలు నొక్కితే గుంట పడింది.
పదకొండు లెక్కపెట్టినా పూడలేదు.
నల్లబల్ల మీది బాణం గుర్తు అప్పుడు అర్థమైంది:
ఊపిరితిత్తి బిగుసుకుంటే
గుండె కుడిపక్క మరింత తొయ్యాలి,
తోసి తోసి కండ పట్టాలి,
పట్టిన కండే ఒకరోజు చేతులెత్తెయ్యాలి.
ఆ నీరే ఇది, నా వేలి కింద.

"చల్లగా ఉంది నీ వేలు" అన్నాడు.
"గనిలో ఉడుకు. చొక్కాలు విప్పి తవ్వేవాళ్ళం.
ఇప్పుడు నా సుత్తితోనే మావాడు..."
దగ్గొచ్చింది. మాట అక్కడే ఆగింది.

ఛార్టులో 'కారణం' గడి చాలా చిన్నది.
ధూళి అని రాశాను, సరిపోయింది.
ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం సర్ది
కొడుకు పేరడిగాను.

ఎలీసెయో.
వాడికీ పంతొమ్మిదే.