వెనక సీటు

ఓడీల్ కాల్వార్ట్ తొడలు స్టీరింగు కింద పట్టవు.
అది ముందే చెప్పాలి.
ఆల్ప్స్ కనుమల్ని మూడు వేసవులు తొక్కి పడేసిన తొడలు
ఆంట్వెర్ప్‌లో కట్టిన ఈ పాత మినర్వా ముందు సీట్లో
పెళ్ళి బంతిలో మూలకి నెట్టిన చుట్టంలా
ముడుచుకు కూర్చుంటాయి.

నాది తోలు పని. కోర్ట్రైక్‌లో, చర్చి వెనక సందు.
సీటు విప్పి గుర్రపు వెంట్రుకలు దులిపితే చాలు,
ఎవరు ఎక్కడ బరువు దించుకున్నారో
వేళ్ళకి తెలిసిపోతుంది.

కారు అప్పట్లో అవిసె నార మిల్లు దొర డెలాంబ్ర్ గారిది.
లై నదిలో నార కుళ్ళే కంపు
ఊళ్ళో ప్రతి చొక్కాలోనూ ఉండేది,
ఈ కారులో తప్ప.
పంతొమ్మిదేళ్ళు దీన్ని నడిపింది సీరీల్, ఓడీల్ నాన్న.
నల్ల గ్లౌజులు, మెడ కోసే కాలరు,
అద్దం అవతల నించి గొట్టంలో వచ్చే ఫ్రెంచి ఆజ్ఞలు.
వెనకే సైకిలు మీద పిల్లాడు,
నీలం పొగ మింగుతూ,
రాళ్ళబాట మీద పళ్ళు టకటకలాడుతూ.
ఆ పిక్కబలం అక్కడిదే అని రాశారు పత్రికల వాళ్ళు.
ఓడీల్ నవ్వుతాడు:
"నాన్న రొట్టె పొట్లం మర్చిపోయేవాడు,
అందించడానికి పోయేవాణ్ణి, అంతే."

మిల్లు మునిగాక వేలంలో కొన్నాడు.
నడమంత్రపు సిరి, అంది ఊరు.
ఆదివారం, నాన్నని వెనక కూర్చోబెట్టాడు.
ముసలాయన ముందు ప్యాంటు దులుపుకున్నాడట,
టోపీ ఒళ్ళో పెట్టుకున్నాడట,
ఆనుకోలేదట.
గేరు కర్రుమన్నప్పుడల్లా ఆ గొట్టంలోంచి
మొట్టమొదటిసారి ఫ్లెమిష్ మాట:
"క్లచ్ రా, క్లచ్!"

మిల్లు మలుపు దగ్గర "ఆపు" అన్నాడు.
ఏడుస్తున్నాడేమో అనుకున్నాడు కొడుకు.
ఈలోగా ముసలాయన దిగి, బానెట్ ఎత్తి,
చెవి ఆనించి,
"మూడో సిలిండరు అలిగింది" అన్నాడు.
ఆదివారం చొక్కా చేతులు మడిచాడు.
తిరుగు ప్రయాణంలో ఆయనే నడిపాడు.
వెనక చాంపియన్
కాళ్ళు బారజాపి నిద్రపోయాడు.

పదకొండేళ్ళు, ప్రతి ఆదివారం, అదే మలుపు,
ఏదో ఒకటి అలిగేది.

నిన్న కారు నా దగ్గరికి తెచ్చాడు.
సీటు కుడి పక్క దొరగారి గుంట,
బాతు కూర్చున్నంత లోతు.
ఎడమ పక్క తోలు ఇంకా కొత్త కొత్తగా బిగువు,
అంచు మాత్రం
నాలుగు వేళ్ళ వెడల్పున అరిగి నున్నబడింది.
వేలితో రాస్తుంటే అటు తిరిగి అన్నాడు:
"శనివారం రాత్రుళ్ళు
ఏదో ఒక ప్లగ్ నేనే వదులు చేసేవాణ్ణి.
లేకపోతే ఆయన ఇల్లు చేరేదాకా
అలాగే బిగుసుకుని కూర్చునేవాడు."

ఆయనకి తెలుసా, అనడిగాను.
"మెకానిక్కి తెలియకుండా ఉంటుందా?"

కుడి పక్క మార్చు, అన్నాడు. ఎడమ పక్క ముట్టుకోకు.
రెండు రంగులవుతాయి, అన్నాను.
కానీ, అన్నాడు.

సగం సీటే కదా అని
బేరం మాత్రం సగానికి ఆడాడు.