బార

గడియారం సెంటర్ దాటి రెండో గల్లీలో మా ఆఫీసు.
తూనికలు, కొలతల శాఖ, నల్లగొండ.
బీరువాలో పచ్చబట్ట పరిచిన పెట్టె,
పెట్టెలో ఇత్తడి మీటరు
బాలింత లెక్క కదలకుండ పండి ఉంటది.
గడువు తిరగంగనే బట్టల కొట్ల ఇనుప కడ్డీలు
దాని పక్కన పండి లేస్తయి.
తేడా వస్తే ముద్ర వెయ్య,
చాయ్ తాగించినా సరే,
మా మేనమామ పేరు చెప్పినా సరే.

సుత్తె దెబ్బ పడ్డప్పుడల్లా
ఓర్సు ఉప్పలయ్య యాదికొస్తడు.
మా తాత.
మర్రిగూడ దిక్కు బావులు తవ్విన మనిషి.

ఆయనకు కడ్డీ లేదు, టేపు లేదు.
చేతులు రెండు బార్లా చాపితే
ఈ నడిమేలి కొస నుంచి ఆ నడిమేలి కొసకు
ఒక బార.
బారకు ఇంత అని కూలి.
కొలిచే పొద్దు ఆసామి తన జీతగాళ్ళల్ల
తాటిచెట్టసొంటోణ్ణి ముందుకు తోసేది.
తాత మా నాయనమ్మను పిలిచేది.
ఆమె నిలబడితే ఆయన చంకకొస్తది.
పొద్దుగూకే దాకా పంచాయితీ.
ఆఖరికి ఎవరిదీ కాని ఒక తాడు కోసి
రెండు కొసలు ముడేసి
యాపకొమ్మకు ఏలాడదీసేది.
చట్టం అట్ల పుట్టిందనుకుంట నేను.
రాత్రికి రాత్రి ఆ జనపతాడు మీద
బిందెడు నీళ్ళు గుమ్మరించి
నాలుగేళ్ళు ముడుచుకునేటట్టు చేసిన సంగతి
నాయనమ్మ నవ్వాపుకోలేక చెప్పేది.

నౌకరీ వచ్చినంక హైదరాబాదులో శిక్షణ.
ఒక రాజు చెయ్యి ఒక దేశానికి గజమైందట, అది నిజమో కతో.
ఇంకో దేశపోళ్ళు రాజును దించి
భూగోళాన్నే అడిగిన్రు:
భూమి నడుమ నుంచి ధ్రువం దాకా
కోటి పాళ్ళు చేస్తే ఒక పాలు మీటరు.
కొలిచినోళ్ళు కొంచెం తప్పిన్రు.
భూమిని దిద్దలేరు కద,
తప్పిన కడ్డీనే ఖాయం చేసిన్రు.
ఇప్పుడు కడ్డీ కూడా లేదు,
వెలుతురు రెప్పపాటులో ఇసుమంత సేపు నడిచే దూరం.
వెలుతురుకు ముసలితనం రాదు, అన్నడు పాఠం చెప్పే సారు.
నేను నోటుబుక్కులో రాసుకున్న.

ఊట పడ్డ బావిల మొదటి ముంత తవ్వినోనిదే.
ఆ రివాజు తాత ఎన్నడూ తప్పలేదు.
ఎన్ని బావులో అన్ని ముంతలు.
ముందుగాల మెడ తిరగలేదు.
తర్వాత మోచేతులు.

నేను ఏడో తరగతి.
పాత బావికి పూడిక తియ్యాలె, లోతెంతో చెప్పమని కబురొచ్చింది.
అది ఆయన తవ్విందే, పద్నాలుగు బారలు.
తాడు అడుగుకు వదిలి, చేది,
గడ్డ మీద నిలబడి కొలిచిండు.
చాపిన చేతులు కొడవళ్ళ లెక్క ఆగిపోయినయి.
పదిహేను. పదహారు.
పంతొమ్మిదికి తాడు కొస వచ్చింది.
"బావి దిగింది బిడ్డా," అన్నడు.
నవ్విండో లేదో, మెడ తిప్పలేడు కద,
నాకు మొఖం కనపడలేదు.

ఆ రాత్రి బడి స్కేలుతో
ఆయన నిద్రలుండగ కొలిచిన.
నాలుగడుగుల రెండంగుళాలు.
ఒకనాడు ఐదడుగుల ఎనిమిది.
లెక్క సరిపోయింది.
బావి ఉన్నకాడనే ఉన్నది.
ఎవ్వరికీ చెప్పలేదు.

ఇయ్యాల పొద్దుగాల చండూరు నుంచి ఒకాయన
నడుమ వంగిన కడ్డీ తెచ్చిండు.
బండి మీద నుంచి పడ్డదట.
ఫారంలో తిరస్కరణ అని రాసి
కారణం కాడ వంపు అని రాసిన.
"మేడం, కొలిమిల పెట్టి సాపు చేసి తెస్త."
సాపు చేస్తే పొడుగు మారుతది, అన్న.
"మరెట్ల?"
కొత్తది కొనుక్కో.

ఆయన పోయినంక
కడ్డీ ఆనిన గోడ మీద
తుప్పు గీత.
చాలాసేపు కూసున్న,
తుడవకుండ.