మీటరు రీడింగు

ఆదివారం ఆరున్నరకి
కాళేశ్వరరావు మార్కెట్ గేటు దగ్గర
ఎనిమిది మంది, ఎనిమిది నీళ్ళ సీసాలు.
టూరిజం వాళ్ళిచ్చిన టోపీ నా నెత్తిన,
జేబులో వాళ్ళే రాసిచ్చిన చరిత్ర, రెండు పేజీలు.
రండి, కింద చూసుకు నడవండి,
నిన్నటి టమాటాలు ఇంకా ఇక్కడే ఉన్నాయి.

నా పేరు నాంచారయ్య.
ముప్పై ఒక్క ఏళ్ళు ఈ వన్ టౌన్‌లో
కరెంటు మీటర్లు చదివాను.
అంతకు మించి చదువు లేదు.

కాయితంలో రాజులున్నారు, చదువుతాను, తప్పదు.
నాకు మాత్రం ఈ సందులు మెట్ల కిందనుంచి తెలుసు.
ఎవరింట్లో మీటరు బీరువా వెనక,
ఎవరింట్లో దేవుడి గూటి పక్కన, పసుపు బొట్టుతో,
ఏ ఇంట్లో కుక్క కరుస్తుందో
ఏ ఇంట్లో మామగారో.

సామారంగం చౌక్. తల పైకెత్తండి.
ఆ వసారా దూలాలన్నీ బర్మా టేకు. ఫొటోలు తీసుకోండి.
ఒకటే గుమ్మం, లోపల ఐదు వాటాలు.
అన్నదమ్ములు మాటలు మానేసిన సంగతి
ఊరికంటే ముందు నాకే తెలిసింది:
పోయిన నెల ఒక మీటరు,
ఈ నెల ఐదు.

ఇటు, కొండ మీదికి.
ఇక్కడ వీధంటే మెట్లే,
ఒక ఇంటి డాబా ఇంకో ఇంటి వాకిలి.
మే నెల్లో రాయి మీద చెయ్యేస్తే చుర్రుమనేది.
నూట నలభయ్యో మెట్టు దగ్గర మజ్జిగ ఇచ్చేవారు,
యూనిట్లు తగ్గించి రాస్తానని కాదు.
కొంచెం అందుక్కూడా.

ఇస్లాంపేటలో ఈ నీలం తలుపు దగ్గర
నేను మామూలుగా ఆగను.
ఇవాళ ఒకమ్మాయి చెప్పు తెగి ఆగింది.

మూడు నెలల బాకీ. లిస్టులో పేరు.
ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాను, అంతే పని.
పింగాణీది, ఇంకా వెచ్చగా ఉంది.
రహీమున్నీసా గారు మగ్గం ముందునుంచి లేచి
సూది కొంగుకి గుచ్చుకుని
"పెళ్ళి చీర, రేపు పొద్దున్నే ఇవ్వాలి" అంది.
అని, లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది.
తాగాను.
ఫ్యూజు జేబులో ఉండగానే తాగాను.

ఆ రాత్రి పని లేకపోయినా ఇటొచ్చాను.
మగ్గం వీధిలో ఉంది, స్తంభం కింద.
మున్సిపాలిటీ వెలుతురులో
జరీ పువ్వు ఒక్కో రేకే విచ్చుకుంటోంది.
ఆవిడ తలెత్తలేదు.
నేను సైకిలు బెల్లు కొట్టలేదు.

"అంకుల్, ఈ ఇల్లు ఏ సంవత్సరంది?"
నోటుబుక్కు పట్టుకున్న కుర్రాడు.

తలుపుకి తాళం, తాళానికి తుప్పు.
అరుగు పైన పాత మీటరు మాత్రం అలాగే ఉంది.
వేలితో అద్దం తుడిచాను.
లోపల పళ్ళెం తిరగడం లేదు,
నల్ల గీత ఎడమ పక్కకి ఒరిగి ఆగిపోయింది.
అలవాటు చొప్పున బిగ్గరగానే చదివాను:

"నాలుగు వేల ఎనిమిది వందల డెబ్బై ఒకటి."

వెనకాల ఎవరో నవ్వారు.
కుర్రాడు నవ్వలేదు, రాసుకున్నాడు.
నేను దిద్దలేదు.

పదండి, ఎండెక్కుతోంది.
కాలవ గట్టున టీ దొరుకుతుంది,
రాజుల సంగతి అక్కడ చదువుతాను.