అడ్వాన్సు ఇయ్యకముందు

దేవరకొండ డిపో నుంచి నల్లగొండకు బదిలీ.
చిల్లర సంచి లేని భుజం
ఒకపక్కకు ఒరుగుతున్నది ఇంకా.
రామగిరి దాటినంక ఒక సందుల
గేటుకు కట్టిన అట్టముక్క: ఇల్లు కిరాయికి.

ఓనరు మట్టారెడ్డి తాళం తీసిండు.
కొత్త సున్నం వాసన.
పెండ్లిచూపుల పిల్లకు, కిరాయి ఇంటి గోడకు
పూసే పౌడరు ఒక్కటే అంటుండె మా మేనత్త.
"పదేండ్లాయెనమ్మా బిల్డింగు కట్టి,
ఒక్క కంప్లైంటు లేదు."

పద్దెనిమిదేండ్లు టికెట్లు కొట్టిన నేను.
అడగకముందే పాసున్నదనేటోన్ని
రెండోసారి చూస్తా.

అడ్వాన్సు కొంగున ముడేసుకొని కిందికి దిగిన.
లిఫ్టులో ఎవలో చెప్పుల స్టాండు పెట్టుకున్నరు.
ఇస్త్రీ బండి కాడ లచ్చుమయ్య బొగ్గులు ఊదుతున్నడు.
"నీళ్లెట్లుంటయన్నా?"
"కృష్ణా నీళ్లు వారానికి రెండుమాట్ల. కడమ దినాలు బోరు.
గా నీళ్లు చల్లితే నల్లప్యాంటు మీద తెల్లగీతలు.
ఇగ కడుపుల ఏం గీస్తయో
నాకేమెరుక."
గ్యాసు పిలగాడు సైకిలాపి చెప్పిండు:
"నాలుగో అంతస్తుకు కాయితమే లేదక్కా.
నా సిలిండరుకైతే మెట్లున్నయి."

మున్సిపల్ ఆఫీసుల ఫ్యాను తిరుగుతున్నది, గాలి లేదు.
"కిరాయికి ఉండేదానివి, నీకెందుకమ్మా ఇదంతా?"
"బస్సెక్కేటోళ్లు బోర్డు సదువుకుంటరు గద సారూ,
ఇల్లెక్కేటోళ్లు సదువొద్దా?"
నవ్వలేదు. రిజిస్టరు మాత్రం నా దిక్కు నూకిండు.

పదకొండు మాట్ల ఉన్నది ఆ బిల్డింగు పేరు.
పదకొండూ ఒక్కటే చేతిరాత,
పలక మీద అక్షరాలు దిద్దిచ్చేటోళ్ల గుండ్రటి రాత.
షమీమున్నీసా, అంగన్‌వాడీ టీచరు, ఫ్లాటు 302.

సెప్టిక్ ట్యాంకు మూత పగిలినది, పిల్లలు అక్కడే ఆడుచున్నారు.
మూతకు బదులు చెక్క వేసినారు.
చెక్క నానినది.
మూత గురించి మునుపు కూడా రాసియుంటిని.
వాన పడిన రోజు మీటర్ల గోడ ముట్టుకుంటే షాకు కొట్టుచున్నది.
దయచేసి వచ్చి చూడగలరు.
పదకొండోది ఒక్కటే ముక్క:
వచ్చి చూడగలరు.
దయచేసి లేదు.

ప్రతి వరుస చివర ఎర్రసిరా:
పరిష్కరించబడినది.
ఎవలు పరిష్కరించిన్రో
ఆ మాటల ఎక్కడా మనిషి లేడు.
పన్నెండో వరుస ఖాళీ.

నాకు చూపెట్టింది 302 నే.

మళ్లీ పోయిన. వంటింట్ల సింకు కింద,
బ్రష్షు అందని మూలకు, పెన్సిలు గీతలు.
ఆషాఢంల ఇంత, శ్రావణంల ఇంత,
పిల్లల ఎత్తు కొలిచినట్టు
తడి ఎత్తు కొలుచుకున్నదామె.

"ఇంతకుముందు ఎవలుండిరి?"
"ఆమెనా, శాన కిరికిరి మనిషమ్మా. ఖాళీ చేపిచ్చిన."

అయితే మట్టారెడ్డి అబద్ధమాడలే.
నిజంగనే ఒక్క కంప్లైంటు లేదు,
బిందెలు, కుట్టుమిషను, మంచంతోటి
ట్రాలీ ఎక్కిచ్చి పంపిండు.

కింద, నానిన చెక్క మీద
ఒంటికాలు మీద ఎగురుతున్నది ఒక పోరి.
రెక్క పట్టుకొని పక్కకు గుంజిన.
"కొత్తగ దిగిన్రా ఆంటీ?"
"ఇంకా ఎక్కనే లేదు బిడ్డా."

తెల్లారి మొదటి ట్రిప్పు అయినంక
ఖాకీ చీర మీదనే పోయిన ఆఫీసుకు.
"మీరక్కడ ఉంటలేరు గద, మీరెట్ల రాస్తరు?"
"బ్రేకులు పడ్తలేవని
దిగిపోయినోళ్లు కూడా చెప్తరు సారూ."

పెన్ను లేదన్నడు.
కండక్టర్ని.
నా జేబుల రెండున్నయి.