తరుగు

పర్లాకిమిడి కోర్టులో
అతను దాఖలు చేసిన ఆస్తుల పట్టీ నాలుగు పేజీలు.
మూడున్నర పేజీలు తెల్లగానే ఉన్నాయి.
స్థిరాస్తులు: లేవు.
చరాస్తులు: స్కూటరు ఒకటి, పాతది.
బ్యాంకులో నిల్వ: రెండువేల ఆరువందల పద్నాలుగు.

ఆ పద్నాలుగు చూసి నవ్వొచ్చింది నాకు.
అబద్ధానికి చిల్లర కలిపితే
నిజంలా కనబడుతుందని
అతనికి నేర్పింది నేనే,
సేల్స్ టాక్సు వాళ్లొచ్చే రోజుల్లో.

వరండాలో ఎదురుపడి
"నా కాడేటున్నాదని తిరుగుతున్నావే?
వ్యాపారం మునిగిపోనాది" అన్నాడు.
కూర్మారావు. పేరుకు తగ్గట్టే
నోటీసు అందిన రోజే
కాళ్లూ చేతులూ డిప్పలోకి లాక్కున్నాడు.

పందొమ్మిదేళ్లు
చింతపండు గోదాములో లెక్కలు రాసిన చెయ్యి ఇది.
బస్తా నేలకి తగిలిన చప్పుడు వింటే
అరకిలో అటూ ఇటూగా తూకం చెప్పగలను.
గుమ్మా సంత నుంచి సవర ఆడవాళ్లు గంపలు దించేవారు.
వందకి ఎనిమిది తరుగు రాసేదాన్ని,
గింజకని, పీచుకని, తడికని.
ఎండిపోయిన పండుకి కూడా తడికని.
వాళ్లలో ఒకామె, ముక్కుకి మూడు పోగులు,
కాటా ముల్లు వైపు చూసి
తర్వాత నా మొహం వైపు చూసేది.
ఏమీ అనేది కాదు.

ఇప్పుడు అతని పట్టీ వైపు
నేనూ అలాగే చూస్తున్నాను.
కాకపోతే నాకు చదవడం వచ్చు.

చొక్కా ఉతకబోతే జేబులో దొరికింది
తెలుగులో ఉన్న కరెంటు బిల్లు.
మా ఊరి కరెంటు ఒడియాలో కదా వచ్చేది!
ఆటో ఎక్కితే పావుగంట, పాతపట్నం.
రాష్ట్రం మారుతుంది, బోర్డుల మీద లిపి మారుతుంది,
అదే దుమ్ము మాత్రం మారదు.
మేడ. పైన నీళ్ల ట్యాంకు మీద
కొత్త పెయింటుతో ఆడపడుచు దమయంతి పేరు.
మెట్లకింద మా గోదాము కాటా,
"అమ్మేశాను" అన్నది,
పళ్లేలు బోర్లించుకుని కూర్చుంది.

అతని లెక్క ఇదీ:
ఈ కోర్టుకి తెలుగు రాదు,
ఆ ఆఫీసుకి ఒడియా రాదు,
మధ్యలో గేటు దగ్గర
ఆస్తి మూగదైపోతుంది.

అతనికి ఒడియా మాటొచ్చు, రాత రాదు.
నాకు వచ్చు.
మా చిన్నది ఒకటో తరగతిలో
గొడుగులేసుకున్నట్టుండే ఆ అక్షరాలు దిద్దుతుంటే
పక్కన కూర్చుని
ఉల్లిపాయలు తరుగుతూ నేర్చుకున్నాను.
ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

ఈసీ తీయించాను. ఇంటిపన్ను రసీదు తెచ్చాను.
డ్రైవరు బైరాగి పేర ఉన్న లారీకి
వాయిదాలు ఏ ఖాతాలోంచి పోతున్నాయో
బైరాగి పెళ్లామే చెప్పింది,
చెంగు నోటికడ్డం పెట్టుకుని.
అన్నీ ఒడియాలోకి మొదటి ప్రతి నేనే రాసిచ్చాను.
లాయరు సస్మితా పాఢి రెండు తప్పులు దిద్దింది.
జడ్జి గారు సెలవు. రథయాత్ర తర్వాతకి వాయిదా.

"ఇప్పుడు మీ పట్టీ" అంది పాఢి.
"మీరూ ఇవ్వాలి కదా."

రాశాను. కుట్టుమిషను. మిక్సీ, మూత విరిగినది.
చెవిదుద్దులు ఒక జత.
పుస్తెలు, రాయాలో వద్దో తెలీక, రాశాను.
తర్వాత కలం ఆగింది.

వంటింట్లో ఊరగాయ జాడీ.
జాడీలో పైన ఉప్పు, కింద సంచి.
వందకి ఎనిమిది అతని తరుగు అయితే
ఆ ఎనిమిదిలోంచి పందొమ్మిదేళ్లు
నేను తీసుకున్న నా తరుగు.

పాఢి కళ్లద్దాలు తుడుచుకుంటోంది.
రాయమనీ అనలేదు, వద్దనీ అనలేదు.
నాకెందుకో ఆ మూడు ముక్కుపోగులు కనబడ్డాయి,
కాటా మీంచి నా మొహం మీదికి
మెల్లగా తిరుగుతూ.

నగదు, అని రాశాను.
నలభై ఒక్క వేలు.
చిల్లర కలపలేదు.